పోలయ్య మామ చుక్కాని

ఒక అబద్ధం చెప్పాను. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక నిజం చెప్పాను. ఇన్నేళ్ళుగా నన్ను లోపల్లోపల తొలుస్తున్నవి ఆ రెండు మాటలే. అబద్ధాన్ని ఎట్లాగో మోశాను. అబద్ధాలు చెప్పని మనిషెవరని సర్దిచెప్పుకోవచ్చు. నిజానికి మాత్రం ఏ సర్దుబాటూ దొరకలేదు. నిజం చెప్పి కూడా మనిషి ఒకరి బతుకు తగలబెట్టగలడని నాకు ఇరవై రెండేళ్ళు నిండకముందే తెలిసింది. తెలిసీ నోరు మూసుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. చర్చిలో చెప్పుకోవచ్చు గదా అంటారేమో. చెప్పుకున్నాను. పేర్లు లేకుండా, జరిగింది లేకుండా, "పాపిని ప్రభువా" అని అందరితో కలిసి చెప్పుకున్నాను. అట్టా చెప్పుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. చెప్పినట్టూ ఉంటుంది, దాచినట్టూ ఉంటుంది. ఇప్పుడు ఆ పేర్లతో, జరిగింది జరిగినట్టు చెప్పాలి. ఓపిక తక్కువగా ఉంది. మధ్యలో ఆగితే ఏమనుకోబాకండి.

మాది మాచర్ల దగ్గర. మా నాయన నాపరాళ్ళ క్వారీలో రాయి కొట్టేవాడు. సాగర్ డ్యాం పని మొదలైనాక అక్కడికి మారాడు. మాకు తల్లిదండ్రుల నాటి నుంచీ మిషను మతం. నా తర్వాత కరుణ. మా చెల్లెలు. డ్యాం మీద రాళ్ళు మోసేటప్పుడు దానికి నాగులు పరిచయమయ్యాడు. నాగులు వాళ్ళది కృష్ణ ఒడ్డున ఒక ఊరు. డ్యాం నీళ్ళలో మునిగిపోయే ఊళ్ళలో అదొకటి. వాళ్ళ నాయన పోలయ్య ఆ రేవులో పడవ నడిపేవాడు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు జనాన్నీ, గొడ్లనీ, మిరపకాయ బస్తాల్నీ దాటించేవాడు. ఆయన తండ్రి పనీ అదే.

ఊరు ఖాళీ చేయించి, వాళ్ళందరికీ మాచర్ల వైపు మెట్ట మీద కాలనీ కట్టి ఇచ్చారు. వరసగా ఇళ్ళు. ఎటు చూసినా ఎర్రమట్టి, రాళ్ళు. చేదబావిలో నీళ్ళు వేసవికి అడుగంటేవి. పడవవాడికి అంతకంటే శిక్ష ఏముంటుంది? పోలయ్య పడవను అమ్ముకోలేకపోయాడు, తెచ్చుకోలేకపోయాడు. ఒడ్డు మీదే వదిలేసి, దాని చుక్కానిని మాత్రం ఊడదీసి బండిలో వేసుకొచ్చాడు.

చుక్కాని అంటే పడవ వెనక నీళ్ళలో దిగి ఉండే పలక. దాన్ని తిప్పితే పడవ తిరుగుతుంది. అది మద్దిచెక్కది. మనిషెత్తున ఉండేది. రెండు ఇనప పట్టీలు. తండ్రి చేతి మీదా, కొడుకు చేతి మీదా నీళ్ళలో అరిగి అరిగి దాని అంచులు చేపరెక్కలాగా పల్చబడినై. చెయ్యి పట్టుకునే చోట పెద్ద సొట్ట. బొటనవేలు పెడితే సరిగ్గా ఇమిడేది. పోలయ్య దాన్ని కొత్త ఇంట్లో తూర్పు మూల నిలబెట్టి, పసుపు పూసి, కుంకుమ పెట్టి గంగమ్మ అన్నాడు. పడవ లేదు, నది లేదు. అమ్మన్నా ఉండాలి గదా.

కరుణను నాగులు చర్చిలో పెళ్ళి చేసుకుంటే పోలయ్య రాలేదు. ఏడాది పాటు వాళ్ళను గడప తొక్కనివ్వలేదు. ఆ తర్వాత ఆయన కళ్ళకు శుక్లాలు కమ్మినై. భార్య పోయి అప్పటికే చాన్నాళ్ళు. అన్నం వండుకునే దిక్కు లేక కొడుకునీ కోడల్నీ రమ్మన్నాడు. వచ్చిన రోజున కరుణతో ఒకే మాట అన్నాడట. "ఇల్లంతా నీదేనమ్మాయ్. ఆ మూల మాత్రం నా తల్లిది. ముట్టుకోబాక."

కరుణ ముట్టుకోలేదు. ఊడ్చేటప్పుడు ఆ మూలకు జానెడు ఇవతలే చీపురు ఆపేది. నేను చూశాను. వాళ్ళిద్దరికీ కుదిరింది కూడా. ఆయనకు కళ్ళల్లో మందు చుక్కలు వేసేది. చుట్ట వెలిగించి ఇచ్చేది. ఆయన దానికి నది కబుర్లు చెప్పేవాడు. ఏ నెలలో నీళ్ళు ఏ రంగుంటయ్యో, వరద వచ్చే ముందు ఏ వాసన వస్తుందో. "మా మామ నాకు పడవ నడపటం నేర్పుతున్నాడన్నా, ఇంట్లో కూచోబెట్టి" అని నవ్వేది. నేనెరిగినంతలో కరుణ బాగా సంతోషంగా ఉన్న రోజులు అవే. నెల కూడా తప్పింది.

నేను అప్పటికి ఫైబర్‌గ్లాస్ షెడ్డులో చేరాను. అప్పట్లో మా వైపు ఎవరూ ఆ మాటే విని ఉండరు. మద్రాసు నుంచి ఒకాయన వచ్చి మాచర్ల బయట రేకుల షెడ్డు వేశాడు. సాగర్‌లో నీళ్ళు నిలబడుతున్నై, చిన్న పడవలు కావాల్సి వస్తయ్యని ఆయన ఆలోచన. గాజును నారలాగా తీసి అతికించిన చాపలుండేవి. వాటిని అచ్చులో పరిచి, తేనె లాంటి రెజిన్ బ్రష్షుతో తడిపి, పొర మీద పొర వేస్తే గంటల్లో రాయిలాగా గట్టిపడేది. ఒళ్ళంతా దురద. కళ్ళు మంట. అయినా నాకు అదొక మహత్యంలాగా ఉండేది. రాళ్ళు కొట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి. మెత్తటిదాన్ని పోసి గట్టిదాన్ని తీయటం నాకు రాజరికంలాగా అనిపించేది.

మేం మొదట చేసిన పడవ సరిగా తిరిగేది కాదు. మద్రాసు సార్ దానికి బల్లపరుపు చెక్క చుక్కాని పెట్టాడు. మార్చి మార్చి చూశాడు. ఒకరోజు నేనే అన్నాను, మా చెల్లెలి మామగారి దగ్గర పాత చుక్కాని ఒకటుందని. ఎందుకన్నాను? పని జరగాలనా? కాదు. సార్ దృష్టిలో పడాలని. ఆయన కారులో వచ్చి చూశాడు. దాని అంచు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అట్టాగే ఉన్నాడు. "దీని అచ్చు తీద్దాం. ఎట్లాగైనా తెప్పించు" అన్నాడు.

నేను వెళ్ళి పోలయ్య మామను అడిగాను. ఇవ్వడనుకున్నాను. అచ్చు అంటే ఏందో, దాని నుంచి ఎన్ని చుక్కానులు తీయొచ్చో చెప్పాను. ఆయన మసక కళ్ళు ఎగరేసి, "అంటే నా తల్లికి పిల్లలు పుడతారన్నమాట. వాళ్ళు మళ్ళా నీళ్ళలోకి పోతారన్నమాట" అని పకపకా నవ్వాడు. "తీసుకుపో అబ్బాయ్. మన పిల్లోడివి గదా, నీకు కాక ఎవరికిస్తాను. జాగ్రత్తగా తేవాల."

బండి మాట్లాడుకుని పోయిన రోజున నాగులు ఇంట్లో లేడు. బండివాడు ఎడ్లను వదిలి రానన్నాడు. చుక్కాని ఒక్కడి వల్ల లేచేది కాదు. కరుణను పిలిచాను.

"ఆ కొస పట్టుకోవే."

అది వెనక్కి తగ్గింది. "వద్దన్నా. మామకు ఇష్టముండదు."

"చెక్కే గదా. ఏంగాదులే, పట్టుకో."

పట్టుకుంది. కడుపుతో ఉన్న మనిషి, నేను చెప్పాను గనక పట్టుకుంది. అరుగు మీద కూర్చున్న పోలయ్య మామ మొహం గాజుల చప్పుడు వినపడిన వైపుకు తిరిగింది. నేను చూశాను ఆ మొహాన్ని. చూసి బండి తోలించుకుపోయాను.

ఇక షెడ్డులో జరిగింది చెప్పాలి. ఇక్కడే నాకు మాట ఆగిపోతుంది ప్రతిసారీ.

చుక్కానికి రెండు వైపులుంటయ్ గనక అచ్చును రెండు చిప్పలుగా తీయాలి, కొబ్బరికాయను పగలగొట్టినట్టు. ముందు ఇనప పట్టీలు ఊడదీశాం. చుక్కానిని సగం దాకా బంకమట్టిలో పూడ్చి, పైకి కనిపించే సగానికి అచ్చు పోయాలి. అది గట్టిపడ్డాక తిరగేసి రెండో సగం. అయితే పాత చెక్క రెజిన్‌ను నీళ్ళలాగా తాగేస్తుంది. తాగితే అచ్చుకు చెక్క అతుక్కుపోతుంది. అందుకని ముందు దానికి లక్క కొట్టి, ఆరనిచ్చి, మైనం పూసి, తోమి, మళ్ళీ మైనం పూసి, మళ్ళీ తోమి, ఓపికగా పొరలు కట్టాలి. మొదటి వైపు సార్ దగ్గరుండి చేయించాడు. చిప్ప చక్కగా ఊడొచ్చింది. చెక్క మీద ఉన్న ప్రతి గీతా, పాత మేకు గుర్తూ, ఆ బొటనవేలి సొట్టా లోపల అచ్చుపడి ఉన్నై. నేను దాంట్లో వేలు పెట్టి చూసుకుని మురిసిపోయాను.

తర్వాత సార్ సరుకు కోసం మద్రాసు పోతూ, "రెండో వైపు నేను వచ్చేదాకా ముట్టుకోవద్దు. ఈ ఎండల్లో అసలు వద్దు" అన్నాడు.

ఆయన వద్దన్నదాన్ని నేను ముట్టుకున్నాను. ఎందుకు? ఇన్నేళ్ళూ ఈ ప్రశ్న అడుగుతూనే ఉన్నాను. ఎవరూ తొందర పెట్టలేదు. ఆయన వచ్చేసరికి పని పూర్తయి ఉండాలి, ఆయన నోరు తెరిచి "నువ్వొక్కడివే చేశావా" అనాలి, అంతే. ఆ ఒక్క మాట కోసం. వైశాఖ మాసం, మధ్యాన్నం. రేకుల కింద నిలబడితే నెత్తి మాడేది. లక్క ఆరిందో లేదో చూడలేదు. మైనం ఒక్కసారి పూశాను. తోమాననిపించాను. రెజిన్ కలిపితే ఆ వేడికి గిన్నెలోనే పొగలొచ్చింది. ఆపాల్సింది. గబగబా చాపలు వేసి తడిపేశాను.

చల్లారాక చిప్పను కదిలించాను. కదల్లేదు. చెక్క చీలికలు పెట్టి కొట్టాను. నీళ్ళు పోశాను. తాడు కట్టి గుంజాను. చెక్కా అచ్చూ ఒకటైపోయినై.

అప్పుడు నా ముందు రెండు దారులున్నయ్. ఇది మీరు సరిగా వినాలి, ఎందుకంటే పొరపాటు జరిగిందని చెప్పి తప్పించుకోవటానికి వీల్లేకుండా పోయేది ఇక్కడే. అచ్చును కోసి ముక్కలు చేసి చుక్కానిని బయటికి తీయొచ్చు. పైన కొంత గాజు పెచ్చు అంటుకుని ఉంటుంది, గీకితే పోతుంది, చెక్క మిగులుతుంది. లేదంటే చెక్కను పగలగొట్టి అచ్చును మిగుల్చుకోవచ్చు. కాసేపు కూర్చుని ఆలోచించాను. కోపంలో చెయ్యలేదు, కంగారులో చెయ్యలేదు. మంచినీళ్ళు తాగి, ఉలి తెచ్చుకుని, చెక్కను పగలగొట్టాను.

మద్ది గట్టి చెక్క. తేలిగ్గా లొంగలేదు. పేళ్ళు పేళ్ళుగా లేచింది. కొన్ని పేళ్ళ మీద పసుపు ఉంది. లోపల లోపలికి పోయినకొద్దీ చెక్క నల్లగా, తడితడిగా ఉంది. ఊళ్ళు మునిగి, పడవ పోయి, ఇన్నాళ్ళు ఎండలో ఇంట్లో నిలబడినా దాని కడుపులో నది తడి ఇంకా ఉంది. చేత్తో తడిమి చూశాను. ఆ తడి చూశాక కూడా ఆగలేదు.

పేళ్ళను గోతాంలో వేసి ఇంటికి తెచ్చాను. మా అమ్మ పొయ్యిలో పెట్టింది. ఎక్కడివిరా అని అడిగితే షెడ్డులో చెత్త అన్నాను.

సార్ వచ్చాడు. రెండు చిప్పలూ చూశాడు. వద్దన్నా చేశావని కొంచెం కసిరి, తర్వాత భుజం తట్టాడు. నేను కోరుకున్న మాట అననే అన్నాడు. చెక్క ఏమైందని ఆయన అడగలా. అడిగితే చెప్పేవాణ్ణా? ఏమో. అడగలేదు గనక ఆ ప్రశ్నకు జవాబు ఎప్పటికీ తెలియదు. ఆ అచ్చులోంచి మొదట తీసిన చుక్కాని మా పడవకు పెట్టి సాగర్ నీళ్ళలో దించితే, పడవ మాట వినే గొడ్డులాగా తిరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

రెండోది పోలయ్య మామ కోసం తీశాను.

రంగు కలిపి నల్లటి చెక్క రంగు తెచ్చాను. లోపల బోలు కాకుండా రంపపు పొట్టూ రెజినూ కలిపి కూరాను. పాత ఇనప పట్టీలే బిగించాను. నువ్వులనూనె రుద్దాను. వాసన రాకుండా పసుపు బాగా పట్టించాను. ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి చేశాను ఆ పని. కంటితో చూస్తే నేనే కనిపెట్టలేను. సొట్ట ఉంది, గీతలున్నై, మేకు గుర్తులున్నై. ఆయనకు చూపు మసక. ఇంకేం కావాలి అనుకున్నాను. ఆకారమే గదా మనిషి మొక్కేది, అది అట్టాగే ఉంది గదా అని కూడా అనుకున్నాను. విగ్రహాలకు మొక్కని ఇంట్లో పుట్టినవాణ్ణి నేను. ఆయన భక్తి నాకు చెక్క భక్తిలాగానే కనిపించింది. అది కూడా నా తప్పే. ఇప్పుడు తెలుసు.

పట్టుకెళ్ళి ఆ మూల నిలబెట్టాను. ఈసారి నేనొక్కణ్ణే మోశాను. ఒక్కణ్ణే మోయగలిగానన్న సంగతి ఆ క్షణంలో నాకు తట్టలేదు. ఆయనకు తట్టింది.

"ఒక్కడివే తెచ్చావేందిరా?" అన్నాడు.

లేచి వచ్చాడు. సొట్టలో బొటనవేలు పెట్టాడు. సరిగ్గా ఇమిడింది. మొహం విప్పారింది. తర్వాత రెండు చేతులూ వేసి పైకి లేపాడు. లేచింది. ఆ ముసలి చేతులకు లేచింది.

"తేలికైందేందిరా అబ్బాయ్?"

"ఎండింది మామా. షెడ్డులో వేడికి బాగా ఎండింది."

ఆయన దించి, మెల్లగా దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "ఎండటమేంది? ఇన్నేళ్ళు మెట్ట మీద ఎండనిది నీ షెడ్డులో ఎండిందా?" అని నన్ను కాదు, దాన్నే అడిగాడు. నేను సెలవు తీసుకుని బయటపడ్డాను. కరుణ మజ్జిగ తాగి పొమ్మని వెనకాల పిలిచింది. పని ఉందన్నాను.

అదీ అబద్ధం. ఇక నిజం.

ఆ తర్వాత ఆయన అన్నం మానేశాడట. రోజూ పొద్దున్నే లేచి ఆ చుక్కానిని లేపి చూసేవాడట. లేపి, దించి, తల పట్టుకుని కూర్చునేవాడట. సోది చెప్పే మనిషిని పిలిపించాడు. ఆమె ఏం చెప్పిందో గాని, ఆయన మాత్రం ఒకటే మాట పట్టుకున్నాడు. "బరువు పోయింది. అమ్మ దిగిపోయింది. ముట్టుకోవద్దన్నదాన్ని ముట్టుకుంటే ఎవరుంటారు?"

కరుణ ఏడ్చిందట. ముట్టుకోలేదని అనలేదట. అదట్లా అనదు. నా పేరూ చెప్పలేదు. అన్న మీద మాట రాకూడదని.

ఒక సాయంత్రం నాగులు షెడ్డుకు వచ్చాడు. చెమటలు కక్కుతూ నడిచొచ్చాడు. అందరి ముందూ అడగలేక నన్ను బయటికి పిలిచాడు. రేకుల గోడ నీడన నిలబడ్డాం.

"బావా, ఒక్క మాట. నువ్వు తీసుకుపోయిన రోజున కరుణ దాన్ని పట్టుకుందా? మా నాయన గాజుల చప్పుడు విన్నానంటున్నాడు. చూపు లేదు గదా, పొరబడ్డాడేమోనని. నువ్వు లేదంటే నేను ఆయనతో గట్టిగా చెప్పుకుంటాను."

నా నోట్లో అప్పుడు మూడు మాటలున్నై. లేదనొచ్చు. అది అబద్ధమే అయినా ఇల్లు నిలబెట్టేది. నేనే పట్టుకోమన్నానని చెప్పొచ్చు. లేదా అసలు సంగతే చెప్పొచ్చు: అమ్మ ఎక్కడికీ దిగిపోలేదు బావా, నేనే పగలగొట్టి పొయ్యిలో పెట్టానని.

"పట్టుకుంది" అన్నాను.

నిజం. బైబిలు మీద చెయ్యి పెట్టి అయినా చెప్పగల నిజం. ఎందుకట్టా అన్నాను? ఆ రోజు అనుకున్నది వేరు. అసలు సంగతి బయటపడితే పోలయ్య మామ షెడ్డు మీదికొస్తాడు, సార్ నన్ను తీసేస్తాడు, అన్న చేసిన పనికి చెల్లెల్ని ఇంకా ముందే గెంటేస్తారు అనుకున్నాను. చెల్లెలి కాపురం కోసమే నోరు మూసుకుంటున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఎంత చక్కగా చెప్పుకున్నానంటే కొన్నేళ్ళు నమ్మాను కూడా. కాదు. అక్కడ ఒకరి మీద నేరం పడాలి. నా మీద పడకుండా ఇంకొకరి మీద పడుతోంది. పడనిచ్చాను. అంతకంటే ఏమీ లేదు.

నాగులు తువ్వాలుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయాడు.

నెల తిరక్కముందే పోలయ్య కొడుకుతో చెప్పేశాడు. దాన్ని పంపించు, లేదా ఇద్దరూ పొండి అని. నాగులు భార్యను వదల్లేదు. అది మాత్రం ఆయన గొప్పతనం. ఏడో నెల కడుపుతో ఉన్న కరుణను తీసుకుని వినుకొండ పోయాడు. అక్కడ రైలుస్టేషన్ దగ్గర లారీలకు బస్తాలెత్తాడు. పిల్లాడు అక్కడే పుట్టాడు. మనవడు పుట్టాడని కబురు చేస్తే పోలయ్య వినీ విననట్టు ఊరుకున్నాడట. రెండు వానాకాలాలు దాటాక ఆయన చనిపోయాడు. అప్పటిదాకా పొరుగువాళ్ళు పెట్టిన గంజి తాగి బతికాడు. చివరికి చుక్కానిని లేపటం కూడా మానేశాడని, కుంకుమ పెట్టటం మానేశాడని చెప్పారు. దినానికి నేనూ వెళ్ళాను. అది ఆ మూలే ఉంది, బూజు పట్టి. కరుణ గడప బయటే కూర్చుంది. లోపలికి రమ్మంటే రాలేదు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. పోయినవాళ్ళు పోయారు, మిగిలినవాళ్ళు బతుకుతున్నారు అనుకున్నాను. కరుణను చూస్తూ చూస్తూ ఉండగా తెలిసింది, అయిపోలేదని.

మా చెల్లెలు ఆ మాట నమ్మింది. అర్థమైందా మీకు? ప్రతి ఆదివారం చర్చికి పోయే మనిషి, గంగమ్మకు ఏనాడూ మొక్కని మనిషి, తన చెయ్యి తగిలి ఆ ఇంటి అమ్మ దిగిపోయిందని నమ్మింది. పొరుగింట్లో బిడ్డ పుడితే చూసేది గాని ఎత్తుకునేది కాదు. కొత్త కుండలో మొదటి ఎసరు పెట్టమంటే కొడుకును పిలిచేది. చర్చిలో బల్లకు కొత్త గుడ్డ కుట్టి ఇచ్చింది గాని, పరచమంటే వెనక్కి జరిగింది. ఒకసారి నా కూతురి పెళ్ళిలో పసుపు దంచటానికి అందరూ రోకలి పట్టుకుంటుంటే, నేను దాన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

"వద్దన్నా" అంది. నవ్వుతూనే అంది. "నా చెయ్యి మంచిది కాదు. నీకు తెలుసు గదా."

నీకు తెలుసు గదా అంది. నాకే అంది. చుట్టూ ఆడవాళ్ళు, పాటలు, పసుపు. అప్పుడైనా దాన్ని పక్కకు పిలిచి ఉండొచ్చు. పిలవలేదు. కూతురి పెళ్ళి గదా, ఇప్పుడెందుకులే అనుకున్నాను. ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది, ఇప్పుడెందుకులే అనుకోవటానికి. చెప్పటం ఆలస్యమైనకొద్దీ చెప్పాల్సింది రెండింతలయ్యేది. చేసిన పనికి తోడు, చెప్పకుండా ఉన్న కాలం కూడా చెప్పాల్సి వచ్చేది.

నేను మేస్త్రీనయ్యాను. ఆ అచ్చులో చాలా చుక్కానులు తీశాను. నలుగురికి పని నేర్పాను. మైనం విషయంలో మాత్రం కఠినంగా ఉండేవాణ్ణి. మేస్త్రీకి పని మీద ఎంత శ్రద్ధో అనేవాళ్ళు.

కరుణ పోయిన ఏడు పోయింది. నరసరావుపేట ఆసుపత్రిలో. చివరి రోజుల్లో నేను దాని మంచం పక్కనే కూర్చున్నాను. తెలివిలోనే ఉంది. పాత సంగతులన్నీ మాట్లాడింది, క్వారీ, అమ్మ, డ్యాం మీద తిన్న చద్దన్నం. పోలయ్య మామను తలుచుకుని, "పాపం, నా వల్ల ఆయన నది రెండోసారి పోయింది" అంది. నేను దానికి బత్తాయి రసం పడుతున్నాను. గ్లాసు దాని నోటికి ఆనించాను. అంతే చేశాను.

అది పోయాక ఇక ఎవరికి చెప్పాలి? చెప్పకుండానే పోదామనుకున్నాను. కాని నిద్ర పోయింది. అన్నం రుచి పోయింది. ఈ మధ్య వినుకొండ పోయాను. నాగులు కొడుకు దగ్గర ఉంటున్నాడు. వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి సంతోషించాడు. టీ తెప్పించాడు. నేను టీ తాగకముందే అంతా చెప్పేశాను. మైనం, ఉలి, పొయ్యి, రంపపు పొట్టు, అన్నీ. కరుణను పట్టుకోమన్నది నేనేనని కూడా.

ఆయన వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"దానికి చెప్పావా?" అన్నాడు.

"లేదు బావా."

"మరి నాకెందుకు చెబుతున్నావు?"

నేను టీ గ్లాసు కింద పెట్టాను.

"అది నన్ను అడిగింది" అన్నాడు నాగులు. "ఆసుపత్రికి పోయే ముందు. నిజంగా నా వల్లేనా అని. అంతకుముందు ఎప్పుడూ అడగలా. నేనేమన్నానో తెలుసా? ఇప్పుడవన్నీ ఎందుకులేవే అన్నా. కాదని అన్లా. నేను కూడా నమ్మాను గదరా. దాన్ని వదల్లేదని ఇన్నాళ్ళూ నన్ను నేను మెచ్చుకున్నా. లోపల మాత్రం నమ్మాను. నువ్వు పట్టుకుందన్నావు, నేను నమ్మాను. ఇప్పుడొచ్చి ఇట్టా చెబితే నేనేం చేసుకోవాల?"

నేను లేచాను.

"పో. నరసరావుపేట బస్సు వచ్చే టైమైంది" అన్నాడు. మళ్ళీ రమ్మని అనలేదు. రావద్దనీ అనలేదు. మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. ఆయన వీపు కదలటం చూస్తూ కాసేపు నిలబడ్డాను.

క్షమించమని అడగలేదు. అడిగే మొహం లేదు. ఆయన్నూ ఓ బాధలోకి తోసి వచ్చాను, అది తెలుసు. ఇక కరుణ లేదు, ఆయనకు ఆ బాధ తీర్చే మనిషి ఇంకెవరూ లేరు. అది కూడా నేను చేసిందే.

బస్సు ఎక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. ఏడుపు వస్తుందేమో అనుకున్నాను. నిద్ర వచ్చింది. ఏళ్ళ తరబడి రాని నిద్ర, చిన్నపిల్లాడి నిద్ర. ఊళ్ళు దాటాయి, జనం ఎక్కారు, దిగారు, ఏదీ తెలియదు. నరసరావుపేట స్టాండులో బస్సంతా ఖాళీ అయ్యాక కండక్టరు భుజం పట్టి కుదిపాడు.

"ఏంది పెద్దాయనా, అట్టా నిద్రపోతున్నావు?"

సిగ్గేసింది. కాని ఒళ్ళంతా తేటగా ఉంది. మెట్లు దిగి, స్టాండులో నిలబడి, కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాను.

చెప్పాను. అంతే. ఇక మీకూ తెలుసు.